తీరపు చిత్తడి గట్ల మీద పూలను గుర్తుపట్టే యాప్‌లు: ఏది ఎక్కడిదాకా పనికొస్తుంది?

సముద్రతీరపు చిత్తడి నేలల మధ్య కారులో నిదానంగా వెళ్తూ పూలను గుర్తుపట్టాలనుకునేవాళ్ళు ఎక్కువగా వాడేవి నాలుగు యాప్‌లు: సీక్, ప్లాంట్‌నెట్, ఐనాచురలిస్ట్, గూగుల్ లెన్స్. తీర్పు ముందే చెప్పేస్తాం. మొక్క ప్రజాతి (జీనస్, అంటే దగ్గరి చుట్టరికమున్న జాతుల గుంపు) తెలుసుకోవడం వరకు మొదటి మూడింటినీ నమ్మవచ్చు. ప్రజాతి నుంచి జాతికి దిగే ఆఖరి మెట్టు దగ్గర మూడూ తడబడతాయి. అక్కడ తేడా తెచ్చేది మీరు తీసే రెండో ఫోటో, మూడో ఫోటో, ఆ మొక్క గట్టుకు ఏ పక్కన ఉందో రాసుకున్న ఒక్క ముక్క. నాలుగోదైన లెన్స్‌ను ఈ పనికి సిఫారసు చేయడం లేదు. కారణం కింద ఉంది.

ఇక్కడ చెప్పే మొక్కలు వేడి ప్రాంతాల తీరాల్లో కనిపించేవి. చల్లని ప్రాంతాల ఉప్పు చిత్తళ్ళలో పేర్లు మారతాయి కానీ తికమకలు ఇవే.

గట్టుకు ఆ పక్క, ఈ పక్క

ఇలాంటి దారులు చాలావరకు మట్టి గట్ల మీద వేసినవే. ఒక పక్కన పోటుకు ఎక్కి పాటుకు దిగే ఉప్పునీరు ఉంటుంది. రెండో పక్కన తూములు వేసి ఆపిన వాననీరు. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి, అర గ్రాము లోపు ఉంటే మంచినీటి కింద లెక్క. కొద్ది మీటర్ల వెడల్పున్న గట్టుకు అటూ ఇటూ ఈ రెండు కొసలూ ఎదురెదురుగా ఉండగలవు. ఉప్పు పక్కన పెరిగేది మంచినీటి పక్కన చాలావరకు ఉండదు, అక్కడిది ఇక్కడ సాధారణంగా బతకదు.

యాప్‌లకు తెలియనిది ఇదే. ఆకాశం తెరిపిగా ఉన్నచోట కూడా ఫోన్ చూపే స్థానంలో నాలుగైదు మీటర్ల తేడా మామూలు. అంటే మొక్క గట్టుకు ఎడమనా కుడినా అన్నది మ్యాప్ మీద తేలదు. ఐనాచురలిస్ట్ 2023 నుంచి 'ఈ జాతి ఈ చుట్టుపక్కల దొరుకుతుందా' అని లెక్క చూసి పేర్లు సూచిస్తోంది. ఆ లెక్క కిలోమీటర్ల కొలతలో నడిచేది కాబట్టి ఒక గట్టుకు రెండు పక్కలను వేరు చేయలేదు. అందుకే ప్రతి మొక్క దగ్గరా 'ఉప్పు పక్క, పోటు నీరు అందే చోటు' అనో, 'మంచినీటి పక్క, మోకాలి లోతు' అనో నోట్సులో రాసుకోండి. తర్వాత మీ ఫోటో చూసి పేరు చెప్పే మనిషికి ఆ ఒక్క వాక్యం ఇంకో రెండు ఫోటోలతో సమానం.

అన్నిటికంటే కష్టం: కండగల ఆకులు

ఉప్పునేలలో నీళ్ళున్నా మొక్క వాటిని పీల్చుకోవడం కష్టం. లోపలికి చేరిన ఉప్పును పలుచన చేయడానికి చాలా మొక్కలు ఆకుల్లో నీరు నింపుకుంటాయి. దానితో ఏ చుట్టరికమూ లేని కుటుంబాల మొక్కలు కూడా ఒకే పోలికలోకి వస్తాయి: నేలబారు తీగ, ఉబ్బిన చిన్న ఆకులు, ఎర్రబారిన కాడ. యాప్‌లు ఎక్కువగా బోల్తాపడేది ఇక్కడే. కారు కిటికీలోంచి తీసిన ఫోటోలో ఇవన్నీ ఒకే ఎర్రటి చాపలా కనబడతాయి.

వంగరెడ్డి కూర (సెసూవియం పోర్టులకాస్ట్రం) ఆకులు కణుపు దగ్గర ఎదురెదురుగా జంటగా ఉంటాయి. ఆకు సందులో ఒక్కొక్కటిగా, చిన్న కాడతో గులాబీ రంగు నక్షత్రం లాంటి పువ్వు పూస్తుంది. ఆ అయిదు రేకుల వెనక వైపు ఆకుపచ్చగా ఉంటుంది, కొన దగ్గర చిన్న కొమ్ము పొడుచుకొచ్చి కనిపిస్తుంది. నిజానికి అవి రక్షక పత్రాలు. ఈ పువ్వుకు వేరే ఆకర్షక పత్రాలు లేవు. పువ్వును ముందు నుంచి ఒకటి, వెనక నుంచి ఒకటి తీస్తే మూడు యాప్‌లూ దీన్ని సరిగ్గా పట్టుకుంటాయి. పువ్వు లేని తీగ ఫోటో ఇస్తే మాత్రం గంగవాయిలి, గలిజేరు, నీటి బ్రాహ్మి అన్నీ జాబితాలోకి వచ్చేస్తాయి.

గలిజేరును (ట్రయాంథిమా) వేరు చేయడానికి కణుపు ఒక్కటి చాలు. జంటలో ఒక ఆకు పెద్దది, రెండోది చిన్నది. పువ్వుకు కాడ దాదాపు ఉండదు, ఆకు తొడిమ మొదట్లో తొడుగులో దూరినట్టు ఉంటుంది. గంగవాయిలికి పసుపు పువ్వులు, విడిగా కనిపించే ఆకర్షక పత్రాలు ఉంటాయి. నీటి బ్రాహ్మి (బకోపా) పువ్వు తెల్లగానో లేత ఊదాగానో ఉండి సన్నని కాడ మీద పైకి లేస్తుంది, రేకులు అడుగున కలిసిపోయి ఉంటాయి. ఇది ఎక్కువగా ఉప్పు తక్కువైన తడినేలలో దొరుకుతుంది.

సుయేడా ఆకులు జంటలుగా ఉండవు, ఒకటి విడిచి ఒకటి వస్తాయి. అవి సన్నగా, ఒక పక్క బల్లపరుపుగా, రెండో పక్క గుండ్రంగా ఉంటాయి. పువ్వులు ఆకుపచ్చవి, మిల్లీమీటర్లలో ఉంటాయి. పువ్వే లేదనుకుని చాలామంది దీన్ని వదిలేస్తారు. నేల ఎండి ఉప్పు పెరిగేకొద్దీ మొక్క మొత్తం ఎర్రబడుతుంది. బీట్‌రూట్‌కు రంగునిచ్చే బీటాలైన్ల వర్గపు రంగులే ఇందులోనూ ఉంటాయి. ఈ ఎరుపు యాప్‌ను తప్పుదారి పట్టిస్తుంది, ఎందుకంటే అదే నేలలో సాలికోర్నియా, ఆర్త్రోక్నీమమ్, టెక్టికోర్నియా కూడా ఎర్రబడతాయి. ఈ మూడింటికీ ఆకులు ఉన్నట్టే కనిపించవు, కాడ కణుపు మీద కణుపు పేర్చినట్టుంటుంది. పువ్వులు ఆ కణుపుల్లోనే దిగబడి ఉంటాయి. వీటిని ఫోటోతో జాతి దాకా తేల్చవచ్చని ఏ యాప్ చెప్పినా ఒప్పుకోకండి. గింజ, పువ్వు లోపలి అమరిక చూడాల్సిన మొక్కలవి. కుటుంబం దగ్గరో ప్రజాతి దగ్గరో ఆగిపోవడమే సరైన గుర్తింపు.

ఇదే గుంపులో కలిసిపోయే ఇంకో మొక్క హీలియోట్రోపియం కురసావికం. ఆకులు నీలిబూడిద రంగులో, నూగు లేకుండా, కండగా ఉంటాయి. చిన్న తెల్లపూలు రెండు వరసలుగా, కొస చుట్టుకుని ఉన్న గుత్తిమీద పూస్తాయి. ఆ చుట్ట కనబడేలా పక్కనుంచి తీసిన ఒక్క ఫోటోతో యాప్‌లు దీన్ని చాలావరకు గుర్తిస్తాయి. పైనుంచి తీస్తే చుట్ట కనబడదు, అప్పుడు జాబితాలో ఏవేవో పేర్లు వస్తాయి.

సీక్

2018లో వచ్చింది. ఐనాచురలిస్ట్ బృందమే తయారు చేసింది. ఖాతా తెరవక్కర్లేదు. గుర్తించే నమూనా (ఫోటో చూసి పేరు లెక్కగట్టే ప్రోగ్రామ్) ఫోన్‌లోనే ఉంటుంది కాబట్టి సిగ్నల్ లేని గట్ల మీద కూడా పని చేస్తుంది. చిత్తడి దారుల్లో ఇది చిన్న మేలు కాదు. కెమెరాను మొక్క వైపు పెట్టి కదుపుతుంటే జీవుల వర్గీకరణలో రాజ్యం నుంచి జాతి దాకా ఉన్న ఏడు మెట్లు ఒక్కొక్కటిగా చుక్కల రూపంలో నిండుతాయి. నమ్మకం చాలకపోతే కుటుంబం దగ్గరో ప్రజాతి దగ్గరో ఆగిపోతుంది. తెలియనప్పుడు ఆగడం తెలిసిన యాప్ ఇది, అందుకే కొత్తవాళ్ళకు మొదట దీన్నే ఇవ్వాలి.

వాడేటప్పుడు ఒక కిటుకు ఉంది. చుక్కలు ప్రజాతి దగ్గర ఆగితే కెమెరాను అదే చోట పట్టుకుని ఎదురుచూడటం దండగ. కోణం మార్చండి: పువ్వు ముందు భాగం, పక్క భాగం, ఆ తర్వాత ఆకు అమరిక. ఒక కోణంలో ఒక పేరు, ఇంకో కోణంలో ఇంకో పేరు వస్తుంటే మొదట వచ్చినదాన్ని పట్టుకోకూడదు, ప్రజాతి పేరుతో సరిపెట్టుకోవాలి. రెండు నిమిషాలు కదుపుతూ కూర్చుంటే ఎప్పుడో ఒక క్షణం ఏదో ఒక జాతి పేరు మెరుస్తుంది, దాన్ని గుర్తింపు అనలేం.

లోపాలు కూడా చెప్పాలి. నమూనా ఫోన్‌లో ఇమడాలి కనుక ఐనాచురలిస్ట్ గుర్తించేన్ని జాతులు ఇందులో ఉండవు. కెమెరా నిరంతరం నడుస్తుంది కాబట్టి బ్యాటరీ త్వరగా దిగిపోతుంది, ఎండలో ఫోన్ వేడెక్కుతుంది. గాలికి ఊగే పువ్వు మీద చుక్కలు ఎక్కుతూ దిగుతూ ఉంటాయి. అలాంటప్పుడు ముందు ఫోటో తీసి, ఆ ఫోటోను సీక్‌లో తెరవడం మేలు.

ప్లాంట్‌నెట్

ఫ్రాన్స్ పరిశోధన సంస్థల ఉమ్మడి కృషి ఇది. యాప్‌గా 2013లో వచ్చింది. మొక్కలు మాత్రమే చూస్తుంది కాబట్టి పువ్వు మీద కూర్చున్న పురుగు దగ్గర దారి తప్పదు. దీని అసలు బలం వేరే ఉంది. ఒకే మొక్కవి ఒకటికి మించి ఫోటోలు ఇచ్చి, ఇది పువ్వు, ఇది ఆకు, ఇది కాయ అని విడివిడిగా చెప్పవచ్చు. అన్నిటినీ కలిపి లెక్క కడుతుంది. పైన చెప్పిన కండగల ఆకుల గుంపులో ఒంటి పువ్వు ఫోటోకూ, పువ్వు, కణుపు, మొత్తం మొక్క కలిపి ఇచ్చిన మూడు ఫోటోలకూ వచ్చే జవాబుల్లో తేడా స్పష్టంగా కనిపిస్తుంది.

సూచించిన ప్రతి పేరు కిందా అదే అవయవం ఫోటోలు చూపిస్తుంది. అక్కడ ఆగి పోల్చుకోవాలి. చాలామంది శాతం చూసి పేరు రాసేసుకుంటారు. ఆ శాతాన్ని 'ఇది ఇన్ని పాళ్ళు నిజం' అని చదవకూడదు. దానికి తెలిసిన జాతుల్లో ఏది ఎంత దగ్గరగా ఉందన్న అంచనా మాత్రమే అది. మీ మొక్క దానికి తెలియనిదైతే, తెలిసినవాటిలో దగ్గరిదాన్ని ధైర్యంగా చూపిస్తుంది. మొదటి పేరుకు 40, రెండోదానికి 35 వచ్చిందంటే చెప్పలేకపోతోందని అర్థం, అప్పుడు ఇంకో అవయవం ఫోటో జతచేయాలి.

ఏ ప్రాంతపు వృక్షసంపదలో వెతకాలో ముందే ఎంచుకోవాలి. తప్పుడు ప్రాంతం ఎంచుకుంటే సరైన పేరు జాబితాలోనే ఉండదు. అనుమానంగా ఉంటే ప్రపంచమంతటి జాబితాలో ఒకసారి, స్థానిక జాబితాలో ఒకసారి చూడండి. తీరపు మొక్కల గింజలు చాలావాటివి సముద్రపు నీటిలో తేలి ఖండాలు దాటతాయి. బాలబంద తీగ (ఐపోమియా పెస్-కాప్రే) అందుకే ఉష్ణమండల తీరాలన్నిటా ఉంటుంది. అలాంటి మొక్కలకు ప్రపంచ జాబితానే బాగా పనిచేస్తుంది.

గట్టు మీద సిగ్నల్ అందకపోతే ఫోటోలు తీసి పెట్టుకుని తర్వాత ఎక్కించండి. ఫోటోలు వరస తప్పకుండా, ఒక మొక్క అయిపోగానే అరచేతినో నేలనో ఒక ఫోటో తీసుకుంటే ఏ ఫోటోలు ఏ మొక్కవో సాయంత్రం గందరగోళం ఉండదు.

ఐనాచురలిస్ట్

2008లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీలో విద్యార్థుల ప్రాజెక్టుగా మొదలైంది, 2023లో స్వతంత్ర లాభాపేక్షలేని సంస్థ అయింది. ఫోటో చూసి పేరు సూచించే సదుపాయం 2017లో చేరింది. కానీ దీని విలువ ఆ సూచనలో లేదు. మీరు పెట్టిన ఫోటోను మొక్కలు తెలిసిన మనుషులు చూస్తారు, కాదంటే ఎందుకు కాదో రాస్తారు. కనీసం ఇద్దరు ఉండి, పేరు చెప్పినవాళ్ళలో మూడింట రెండొంతుల కంటే ఎక్కువమంది ఒకే జాతి అన్నాక, తేదీ, స్థలం, ఫోటో సరిగ్గా ఉంటే ఆ నమోదు 'రీసెర్చ్ గ్రేడ్' (పరిశోధనకు పనికొచ్చే స్థాయి) అవుతుంది. నాలుగింటిలో చిక్కు మొక్కలను కూడా జాతి దాకా తీసుకెళ్ళగలిగేది ఇదొక్కటే. జవాబుకు గంటలు పట్టవచ్చు, నెలలూ పట్టవచ్చు. దారిలోనే పేరు కావాలనుకునేవాళ్ళకు ఇది విసుగు పుట్టిస్తుంది.

ఎక్కువగా జరిగే పొరపాటు ఏమిటంటే ఒకే నమోదులో రెండు మూడు మొక్కల ఫోటోలు కలిపేయడం. ఒక నమోదు అంటే ఒక మొక్క. నాలుగు ఫోటోలు పెట్టినా నాలుగూ ఆ మొక్కవే కావాలి. రెండోది, యాప్ మొదటగా సూచించిన పేరును అలాగే ఒప్పేసుకోవడం. ఇంకొకరు కూడా అలాగే ఒప్పుకుంటే తప్పు పేరుకే ముద్ర పడిపోతుంది. మీకు నిశ్చయంగా తెలిసింది ప్రజాతి వరకే అయితే ప్రజాతి పేరే పెట్టండి. మూడోది, నాటిన మొక్కలు. గట్టు కోసుకుపోకుండా వేసిన సరుగుడు, మలుపుల దగ్గర అలంకారానికి వేసిన గన్నేరు లాంటివాటిని 'పెంచినది' అని గుర్తు పెట్టాలి, లేకపోతే సహజంగా పెరిగినవాటి లెక్కల్లో కలుస్తాయి.

ఇంకొకటి జాగ్రత్తగా చూడాలి. సూచనల్లో 'ఈ దగ్గర్లో దొరికేవి' మాత్రమే కనబడేలా ఉన్నప్పుడు, ఆ ప్రాంతానికి కొత్తగా వచ్చిన కలుపు జాతి జాబితాలోంచి దాగిపోతుంది. తూముల దగ్గర, పడవలు ఆగే చోట్ల మొదట కనబడేవి అలాంటివే. సూచించిన పేర్లేవీ మొక్కకు సరిపోకపోతే ఆ పరిమితి తీసేసి మళ్ళీ వెతకండి.

అరుదైన మొక్క దొరికినప్పుడు స్థలం దాచే ఏర్పాటు ఉంది. 'అబ్‌స్క్యూర్డ్' ఎంచుకుంటే అసలు చోటు బదులు 0.2 డిగ్రీల పొడవు, వెడల్పు ఉన్న గడిలో ఎక్కడో ఒక చుక్క కనిపిస్తుంది. భూమధ్యరేఖ దగ్గర ఆ గడి దాదాపు 22 కిలోమీటర్ల చదరం. ప్రమాదంలో ఉన్నాయని నమోదైన జాతులకు యాప్ తనంతట తానే ఇలా చేస్తుంది. నేల ఆర్కిడ్ల లాంటివాటికి మీరే చేయండి. దారి పక్కనే ఉన్న మొక్కను తవ్వుకుపోవడం తేలిక.

గూగుల్ లెన్స్

వెబ్‌లో ఉన్న బొమ్మల్లో పోలికగల వాటిని వెతికి తెస్తుంది. వెబ్‌లో ఎక్కువగా ఉండేవి తోట మొక్కల బొమ్మలు, అమ్మకానికి పెట్టిన రకాలు. అడవి ఐపోమియాకు తోటలో పెంచే రకం పేరు రావడం అందుకే. బొమ్మ కింద ఎవరో తప్పు పేరు రాసి ఉంటే అదే మీ చేతికి వస్తుంది. తెలియదని చెప్పదు, ఎక్కడా ఆగదు. దారి పక్కన అర్థంకాని భాషలో ఉన్న బోర్డు చదవడానికి వాడుకోండి, పూలకు వద్దు.

ఫోటో ఎలా ఉండాలి

యాప్ ఏదైనా జవాబు నాణ్యత ఫోటోలోనే ఉంది. ఒక మొక్కకు అయిదు ఫోటోలు: పువ్వు ముందునుంచి, పువ్వు పక్కనుంచి లేదా వెనకనుంచి, కణుపు దగ్గర ఆకుల అమరిక, ఆకు అడుగు భాగం, చుట్టూ నేలతో సహా మొత్తం మొక్క. కాయ ఉంటే ఆరోది. వీటిలో జనం వదిలేసేవి రెండోదీ నాలుగోదీ. ఆకు అడుగు బూడిద తెలుపుగా ఉండటం మడ చెట్లలో అవిసెన్నియాకు పెద్ద గుర్తు. ఆకు మీద తెల్లగా మెరిసేది మాత్రం నూగు కాకపోవచ్చు, ఉప్పు కావచ్చు. అవిసెన్నియా, మడ అడవుల్లో పెరిగే ముళ్ళ ఆకుల పొద అకాంథస్ రెండూ ఆకుల మీదికి ఉప్పును వెళ్ళగక్కుతాయి. వేలితో రుద్దితే ఉప్పు రాలిపోతుంది, నూగు పోదు.

తీరంలో గాలి ఆగదు. ఫోన్‌లో వరస ఫోటోలు తీసే పద్ధతి పెట్టి పది పన్నెండు తీస్తే ఒకటి రెండు నిలకడగా వస్తాయి. కెమెరా అయితే షట్టర్ సెకనులో 500వ వంతు లేదా అంతకంటే వేగం. సన్నకాడ పువ్వు వెనక ఫోన్ ఫోకస్ నేలమీదికి పోతుంటే పువ్వు వెనక అరచేయి అడ్డుపెట్టండి. ఫోకస్ అరచేతిమీద పడ్డాక పువ్వు కూడా తేటగా వస్తుంది. తెల్లపూలు ఎండలో రేకుల గీతలు లేకుండా తెల్లటి మచ్చలా వస్తాయి. తెరమీద పువ్వును తాకి వెలుతురు తగ్గించి తీయండి. మరీ దగ్గరికి వెళ్ళి మసకగా తీయడం కంటే 15, 20 సెంటీమీటర్ల దూరంనుంచి రెండింతలు జూమ్ చేసి తీయడం మంచిది.

కారులోంచి దిగగానే లెన్స్ మీద ఆవిరి పట్టడం ఈ దారుల్లో రోజూ జరిగేదే. ఏసీతో చల్లబడిన గాజు మీద తీరపు తేమగాలి చెమ్మగా మారుతుంది. తుడిస్తే మళ్ళీ పడుతుంది. దిగడానికి పది నిమిషాల ముందే ఏసీ ఆపి అద్దాలు దించండి, లేదా ఫోన్‌ను బిగుతుగా మూసిన ప్లాస్టిక్ సంచిలో ఉంచి, బయటి వేడికి వచ్చాక తీయండి. లెన్స్ మీద పడ్డ ఉప్పు తుంపరను పొడిబట్టతో రుద్దకూడదు, ఉప్పు రవ్వలు గాజును గీస్తాయి. మంచినీటితో తడిపిన మెత్తటి బట్టతో తీసి, తర్వాత పొడిగా తుడవాలి.

వేళ కూడా ముఖ్యమే. బాలబంద తీగ పూలు ఉదయం తెరుచుకుని ఎండ ముదిరాక వాడిపోతాయి. తీరాల్లో పెరిగే మందార జాతి చెట్టు హైబిస్కస్ టిలియేసియస్ పువ్వు పొద్దున పసుపు, సాయంత్రానికి నారింజ ఎరుపు. మధ్యాహ్నం తర్వాత తీసిన ఫోటోకు యాప్ వేరే పేరు చెబితే రంగు మారడమే కారణం కావచ్చు. కలువల్లో రాత్రి విచ్చే జాతులు పొద్దెక్కేసరికి ముడుచుకుంటాయి. తెల్లవారిన తర్వాత మూడు గంటల లోపు వెళ్తే ఈ మూడు రకాలనూ పట్టుకోవచ్చు, గాలి కూడా కాస్త నెమ్మదిగా ఉంటుంది.

కిటికీలోంచి మోసం చేసేవి

ఇసుక పక్కన నేలంతా పాకిన ఊదా పూల తీగలు రెండు రకాలు. బాలబంద తీగ ఆకు కొన మధ్యలో చీలి, మేక గిట్ట ఆకారంలో ఉంటుంది. పువ్వు గరాటులా ఉంటుంది, తుంచితే పాలు కారతాయి. కెనవేలియా రోజియాకు ఒక్కో ఆకులో మూడు ఆకులు, పువ్వు చిక్కుడు పువ్వు తీరు, కాని తలకిందులు. పెద్ద రేకు కిందికి ఉంటుంది. దూరం ఫోటోకు యాప్ రెండింటికీ బాలబంద అనే అంటుంది.

మంచినీటి పక్కన తేలే ఆకులన్నీ కలువ కాదు. తామర ఆకుకు చీలిక ఉండదు, కాడ మధ్యలో అతుక్కుని ఆకు నీటిపైకి లేస్తుంది. కలువ ఆకు తేలుతుంది, అంచు నుంచి కాడ దాకా చీలిక ఉంటుంది. ఆ చీలికే ఉన్న చిన్న ఆకులతో నిమ్ఫాయిడిస్ మోసం చేస్తుంది. దాని పువ్వు ఒక రూపాయి బిళ్ళంత, తెల్లటి అయిదు రేకుల మీద నూగు ఉంటుంది. ఆకుల ఫోటో ఒక్కటే ఇస్తే మూడు యాప్‌లూ దీన్ని కలువ అనే ప్రమాదం ఉంది. కలువలోనే జాతి తేల్చాలంటే ఆకు అంచు చూడాలి. పగలు పూసే నీలికలువ అంచు నున్నగానో కొద్దిగా అలలుగానో ఉంటుంది, రాత్రి పూసే వాటిలో పదునైన పళ్ళుంటాయి.

జమ్ములో (టైఫా) ఒక్క చూపుతో తేలే గుర్తు ఉంది. గోధుమరంగు కంకికీ దానిపైన ఉన్న మగపూల భాగానికీ మధ్య ఖాళీ కాడ కనిపిస్తే టైఫా అంగుస్టిఫోలియా లేదా డొమింజెన్సిస్ వైపు వెళ్ళాలి. రెండూ అంటుకుని ఉంటే లాటిఫోలియా. కారులోంచే, బైనాక్యులర్‌తోనే ఇది కనిపిస్తుంది.

పసుపు పూల లుడ్విజియాకు రేకుల కింద పొడవాటి కాడలా కనిపించేది కాడ కాదు, అండాశయం. అదే తర్వాత కాయ అవుతుంది. పక్కనుంచి ఫోటో లేకపోతే ఇది తెలియదు. చామంతి కుటుంబపు పసుపు పూలకు మాత్రం వెనక వైపు ఆకుపచ్చ పత్రాల వరసలు కనబడే ఫోటో తప్పనిసరి, ముందు ఫోటోతో ఎవరూ ఏమీ చెప్పలేరు. ముళ్ళ ఆకుల అకాంథస్‌లో ఇలిసిఫోలియస్ జాతికి రక్షక పత్రాల కింద రెండు చిన్న పత్రాలు ఉంటాయి, ఎబ్రాక్టియేటస్‌లో ఉండవు. ఈ తేడాను యాప్ చూడదు. మీరు చూసి రాయాలి.

తుంగ, గడ్డి జాతుల దగ్గర నాలుగు యాప్‌లూ బలహీనమే. కాడ మూడు పలకలుగా ఉంటే సాధారణంగా తుంగ కుటుంబం, గుండ్రంగా, కణుపులతో, కణుపుల మధ్య బోలుగా ఉంటే గడ్డి అని తేల్చుకుని వదిలేయండి.

పేర్ల విషయంలో ఒక మాట. గుర్రపు డెక్కకు ఒక యాప్ ఐకార్నియా అని, ఇంకోటి పాంటెడీరియా అని చెబితే రెండు మొక్కలని అనుకోకండి. శాస్త్రీయ నామం మారింది, అంతే. రెండు పేర్ల చివరా క్రాసిపెస్ అనే ఉంటుంది.

పది రెట్ల భూతద్దం

యాప్‌ల పక్కన ఉండాల్సిన పనిముట్టు ఇది. పది రెట్లదే కొనండి. దాన్ని కంటికి ఆనించి, పువ్వును సుమారు రెండున్నర సెంటీమీటర్ల దగ్గరికి తేవాలి. చాలామంది పువ్వు మీద పెట్టి దూరంనుంచి చూసి, మసకగా ఉందని పక్కన పడేస్తారు. ఇరవై రెట్లదైతే ఆ దూరం సగమవుతుంది, నీడ పడి ఏమీ కనబడదు. సుయేడా పువ్వు, బొక్కెనాకు (ఫైలా) పూతలలోని చిన్న పువ్వులు, అకాంథస్ పత్రాలు దీనితోనే తెలుస్తాయి. ఫోన్ లెన్స్ ముందు ఇదే అద్దం పెట్టి ఫోటో కూడా తీయవచ్చు.

బండి, గట్టు, మొక్క

గంటకు 15 కిలోమీటర్లు దాటితే పూలు కనబడవు. నడిపేవాళ్ళు దారి చూడాలి, పక్కన కూర్చున్నవాళ్ళు పూలు చూడాలి. ఒకరే రెండూ చేస్తే గట్టు అంచు మీదికి చక్రం పోతుంది. వానాకాలంలో, పోటు తగ్గిన వెంటనే గట్టు అంచు లోపల మెత్తగా ఉండి బరువుకు జారుతుంది. నాలుగు చక్రాలూ గట్టినేల మీదే ఆపండి. కొన్ని అభయారణ్యాల దారుల్లో నిర్ణీత చోట్ల తప్ప దిగనివ్వరు, అక్కడ రెండు మీటర్ల దూరం దాకా ఫోకస్ అయ్యే బైనాక్యులర్, పొడవాటి లెన్స్ ఉన్న కెమెరా మాత్రమే దారి.

ఉప్పు చవుడు మీదికి నడవవద్దు. ఉల్లంకి లాంటి పక్షులు ఖాళీ నేలమీదే గుడ్లు పెడతాయి, గులకరాళ్ళలో కలిసిపోయి కనబడవు. పువ్వు తెంపక్కర్లేదు, పైన చెప్పిన అయిదు ఫోటోలు చాలు. పాలుకారే చెట్లను గుర్తించడానికి తుంచి చూసే అలవాటు మడ అడవుల దగ్గర మానుకోవాలి. అక్కడి తిల్ల చెట్టు (ఎక్సొకేరియా అగలోకా) పాలు కంట్లో పడితే చూపు దెబ్బతింటుంది. ఏ యాప్ చెప్పిన పేరునూ నమ్మి ఆకు నోట పెట్టుకోవద్దు, కండగల ఆకుల గుంపును అవి ఎలా కలిపేస్తాయో పైన చూశారు.

ఇంటికి చేరాక ఫోటోలు ఎక్కించే ముందు మ్యాప్‌లో చుక్క ఎక్కడుందో చూడండి. కదిలే కారులో ఫోన్ పాత స్థానాన్ని పట్టుకుని ఉండటం వల్ల, మొక్క రెండు మలుపుల వెనక ఉన్నట్టు నమోదవుతుంటుంది. చుక్కను సరైన చోటికి జరిపి, దాని చుట్టూ ఉండే ఖచ్చితత్వపు వలయాన్ని గట్టు రెండు పక్కలూ పట్టేంత పెద్దది చేసి, ఏ పక్కో నోట్సులో రాసి, అప్పుడు ఎక్కించండి.